ఆ పడక కుర్చీ ఎవరిది

పాత కుర్చీనో మంచాన్నో మీ ముందు దించి, "ఇది బాగవుతుందా మేస్త్రీ గారూ?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. నలభై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. ఉలితో, రంపంతో చేసిన తప్పులు నాకు పెద్దగా గుర్తు లేవు, అవి సరిదిద్దుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి చేసిన తప్పులే ఇప్పటికీ గుర్తున్నాయి.

నా పేరు మస్తాన్. విజయవాడ భవానీపురంలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని పాత చెక్క సామాను బాగుచేసేవాణ్ణి. కుడిచేతి బొటనవేలు పట్టేయడం మొదలయ్యాక షెడ్డు మూసేశాను. ఈమధ్య వడ్రంగం నేర్చుకునే పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమని ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిచారు. వెళ్ళాను గానీ వాళ్ళ ముందు నిలబడితే పనిముట్లకు పదును పెట్టడం గురించి తప్ప ఏమీ నోటికి రాలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే అన్నీ గుర్తొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను. పదును పెట్టడం మీకు ఎవరైనా నేర్పుతారు. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు.

తిరగేసి చూడటం

నాకు పని నేర్పింది వన్‌టౌన్‌లో ఉండే ఇమాం సాహెబ్ గారు. చేతిలో గొప్ప పనితనం, నోట్లో గొప్ప దురుసుతనం. లక్క పాలిష్ ఎంత పాళ్ళలో కలిపేవారో ఎవరికీ చెప్పలేదు. కలిపేటప్పుడు మమ్మల్ని టీ తెమ్మని పంపేవారు. ఆయన పోయినప్పుడు ఆ పాలిష్ కూడా ఆయనతోనే పోయింది. గురువు గారి గురించి ఇలా రాయకూడదంటారు. కానీ అది తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. తెలిసిన పని నలుగురికీ చెప్పండి.

ఆయన మనస్ఫూర్తిగా నేర్పింది ఒక్కటే. ఏ సామాను వచ్చినా ముందు తిరగేయమనేవారు. పైభాగం మనుషులకు చూపించడానికి చేస్తారు, కిందిభాగంలో అబద్ధం ఉండదు అనేవారు. ఒకసారి ఒక లాయరు గారు రాతబల్ల తీసుకొచ్చి, వందేళ్ళనాటిదని, వాళ్ళ తాతగారు చేయించిందని గొప్పగా చెప్పారు. మా ఉస్తాద్ ఇమాం సాహెబ్ గారు దాన్ని బోర్లించి, కాళ్ళు తడిమి, మరలు చూసి లేచారు.

"పైబల్ల మీ తాతగారిదే వకీలు గారూ. కాళ్ళు మాత్రం మీ వయసువి."

లాయరు గారి మొహం మాడిపోయింది. అయినా ఆయన బల్ల వెనక్కి తీసుకుపోలేదు. "కాళ్ళు ఎవరివైతే ఏముందిలే సాహెబ్, తాత రాసుకున్నది పైబల్ల మీదేగా. బాగుచెయ్యి" అన్నారు. ఉస్తాద్‌కు అది నచ్చలేదు. సగం కొత్త సామానుకు అంత ముచ్చట దేనికని రెండు రోజులు సణిగారు. నాకు మాత్రం లాయరు గారిదే సరైన మాట అనిపించింది. చెక్క వయసు మనం చెప్పగలం. దాని విలువ వాడుకున్నవాళ్ళు చెప్పాలి.

ఇంత తెలిసీ నేను రెండుసార్లు బోల్తా పడ్డాను.

గుడివాడ పందిరి మంచం

మొదటిది గుడివాడలో. సరోజిని గారని స్కూలు టీచరు. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. వాళ్ళ అమ్మమ్మ గారి పందిరి మంచాన్ని కొత్త ఇంట్లోకి తెచ్చుకోవాలా వద్దా అని నన్ను పిలిపించారు. తలవైపు చెక్క మీద చిలకలు, మామిడి పిందెలు చెక్కి ఉన్నాయి. అంత సన్నటి పని నేను అంతకుముందు చూడలేదు. మంచం కింద నేలమీద మాత్రం సన్నటి పిండి రాలి ఉంది. పుచ్చు పురుగు. చెక్క లోపల గూడుకట్టుకుని తింటుంది, బయటికి పిండి తోస్తుంది.

"ఉంచమంటారా, తీసేయమంటారా?" అని ఆవిడ అడిగారు. "మీరు ఉంచమంటేనే ఉంచుతాను. నాకు ఇలాంటివి తెలియవు."

నేను చిలకల వైపు చూస్తూ ఉంచండి అన్నాను. సందులన్నిటికీ మందు పట్టించాను, రంధ్రాలు పూడ్చాను, పాలిష్ పెట్టాను. మంచం పెళ్ళికూతురిలా తయారైంది. వీధిలోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

రెండేళ్ళ తర్వాత ఆవిడ రమ్మని కబురు చేస్తే వెళ్ళాను. నన్ను తిట్టలేదు. గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, ద్వారబంధాన్ని వేళ్ళతో తట్టి, కింద అరచేయి పట్టారు. చేతిలో పడ్డ పిండిని నాకు చూపించారు. ఇంట్లో రెండు తలుపులకు, అటక చెక్కలకు కూడా పట్టింది. అప్పు తీరని కొత్త ఇల్లు.

ఆ మంచాన్ని నేనే ముక్కలు కోసి, ఊరి బయట చిలకలతో సహా కాల్చేశాను. అక్కడ నిలబడి ఆలోచిస్తే తెలిసింది. ఆవిడ అడిగింది తన ఇంటి గురించి. నేను చెప్పింది నా ముచ్చట గురించి. చెక్క మీద మోజుతో జవాబు చెప్పకండి. వదిలేయమని చెప్పడం కూడా మన పనిలో భాగమే.

బుడమేరు పొంగిన తర్వాత

రెండోసారి బోల్తా పడింది నా పని చివరి రోజుల్లో. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక వీధుల పొడుగునా పరుపులు, ఫ్రిజ్‌లు, టీవీ బల్లలు గుట్టలుగా పడ్డాయి. నా షెడ్డు ముందు ట్రాలీ ఆటోలు వరస కట్టాయి. ప్లైవుడ్ సామాను తడిసి పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. అది తెచ్చినవాళ్ళకు ఇక లాభం లేదని చెప్పడమే సగం పని. కూతురి పెళ్ళికి చేయించిన బీరువా అని ఒకావిడ ఏడుస్తుంటే పక్కన నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాను.

టేకు అలా కాదు. బురద కడిగి, ఎండలో పెట్టకుండా నీడలో ఇటుకలమీద ఎత్తిపెట్టి, ఓపిగ్గా ఆరనిస్తే మళ్ళీ మనిషవుతుంది.

ఆ రోజుల్లోనే సాంబశివరావు గారు వచ్చారు. ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల కొట్టు ఆయనది. యాభై ఏళ్ళ మనిషి. ఆటోలోంచి ఒక పడక కుర్చీని తన చేతులతోనే దించారు. చేతులు పొడుగ్గా ముందుకు చాచి ఉండే పాత రకం కుర్చీ, కాళ్ళు వాటిమీద చాపుకోవచ్చు. నడుము వాల్చే చోట పేము అల్లిక కుళ్ళిపోయి వేలాడుతోంది. సందుల్లో బురద.

"నాన్నగారిదండీ" అన్నారు. "ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశారు. సాయంత్రం ఇంటికొచ్చారంటే భోజనం దాకా ఇందులోనే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇల్లంతా మునిగిపోయింది, ఇదొక్కటే మిగిలింది. బాగవుతుందా మేస్త్రీ గారూ?"

తిరగేశాను. నిక్కమైన టేకు. కీళ్ళు వదులయ్యాయి గానీ ఎక్కడా పుచ్చు లేదు.

"భేషుగ్గా అవుతుందండీ."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మకు చెప్పలేదండీ. పారేశామనే అనుకుంటోంది. బాగుచేయించి మళ్ళీ వరండాలో పెడితే ఆవిడ మొహం చూడాలి."

చెక్క గురించి అడగాల్సినవన్నీ అడిగాను. ఆ ఇంట్లో ఆ కుర్చీతో ఉండబోయే మనిషి గురించి ఒక్క మాట అడగలేదు.

నెలన్నర పట్టింది. నీడలో ఆరబెట్టి, కీళ్ళు విప్పి, కొత్త పేము నేనే అల్లాను. వేళ్ళు అప్పటికే మాట వినడం లేదు. ఇదే నా ఆఖరి పెద్ద పని అని తెలుసు కాబట్టి దాన్ని బిడ్డలా చూసుకున్నాను. కుడి చేతి చెక్కమీద ఒకచోట వేడి గ్లాసు పెట్టీ పెట్టీ గుండ్రటి నల్లమచ్చ పడింది. చిత్రిక పడితే పోతుంది. అడిగితే, "అది ఉంచండి, నాన్నగారి కాఫీ గ్లాసు మచ్చ" అన్నారు సాంబశివరావు గారు.

వరండాలో

సామాను ఇంటికి చేర్చేటప్పుడు నేను వెంట వెళ్ళడం అలవాటు. నేల ఎత్తుపల్లాలు చూసి నా చేత్తో పెడితే గానీ తృప్తి ఉండదు. సింగ్ నగర్‌లో వాళ్ళ ఇంటి గోడలమీద నడుమెత్తున వరద గీత ఇంకా కనిపిస్తోంది. వరండాలో కుర్చీ పెట్టాం. సాంబశివరావు గారు లోపలికి కేకేశారు.

వాళ్ళమ్మ గారు, అన్నపూర్ణమ్మ గారు, చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. గుమ్మంలోనే ఆగిపోయారు.

"అచ్చం అలాగే ఉంది" అన్నారు. "బాగా చేశారండీ." మాకు కాఫీ తెచ్చిచ్చి, కుర్చీకి కాస్త వెనగ్గా గోడ పక్కన నిలబడ్డారు. మేం తాగాక గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

"గుర్తొచ్చి ఏడుస్తుందేమోనండీ" అన్నారు కొడుకు గుసగుసగా. నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ ఏడవలేదన్న సంగతి నాకు దారిలో తట్టింది.

కొత్త పేము వాడకంలో కాస్త సాగుతుంది. బిగించాల్సి వస్తుందేమోనని రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్ళాను. కుర్చీ నిండా ఉతికిన బట్టలు పోగేసి ఉన్నాయి. అన్నపూర్ణమ్మ గారు పక్కనే మెట్టుమీద కూర్చుని గోంగూర తుంచుతున్నారు. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టేసి, గోడ పట్టుకున్నారు.

"కుర్చీలో కూర్చోవచ్చు కదమ్మా. ఎత్తు కుదరలేదా? తగ్గించమంటారా?"

"ఎత్తు కాదు మస్తాన్ గారూ. దాంట్లో నేనెప్పుడూ కూర్చోలేదు."

ఆవిడ కాసేపు గోంగూర తుంచారు. ఇక చెప్పరేమో అనుకున్నాను.

"మా ఆయన చెడ్డవారు కాదండీ. ఒక్కనాడు చెయ్యెత్తింది లేదు. ఆఫీసు నుంచి వచ్చి ఇందులో కూర్చుని పిలిచేవారు. మంచినీళ్ళు. పేపరు. కళ్ళజోడు. నేను పక్కన నిలబడి ఆయన చెప్పింది వినాలి, వెళ్ళమన్నాక వెళ్ళాలి. రిటైరయ్యాక కూడా అంతే. మొత్తం నలభై ఆరేళ్ళు. ఇప్పుడు కూడా దాన్ని చూస్తే ఏదో తేవడం మర్చిపోయినట్టే ఉంటుంది నాకు."

నేను వరండా నేలమీద కూర్చున్నాను.

"వరదప్పుడు మమ్మల్ని మేడమీదకి ఎక్కించారు. పైనుంచి చూస్తున్నాను. కుర్చీ తేలింది. వరండా దాటి మెల్లగా గేటు దాకా వెళ్ళింది. పోతే పోనీ తల్లీ అనుకున్నాను. పాపమో ఏమో, ప్రాణం హాయిగా అనిపించింది. గేటు మూసి ఉందిగా, అక్కడే ఆగిపోయింది." ఆవిడ నవ్వారు. "ఇప్పుడు మీరు మెరుగుపెట్టి తెచ్చారు."

నిజం చెప్తాను, ముందు నాకు కోపం వచ్చింది. నెలన్నర చాకిరీ. ఒక్కసారి కూర్చుని చూడండమ్మా, అదే అలవాటవుతుంది అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అప్పుడు గుడివాడలో ఆ టీచరమ్మ అరచేయి కళ్ళముందు మెదిలి నోరు మూసుకున్నాను.

"అబ్బాయి గారికి చెప్పలేకపోయారా?"

"వాడికి తండ్రంటే ప్రాణం. అంత ముచ్చటపడి చేయించాడు. ఏమని చెప్పను?"

"అయితే మీకు ఎలా ఉంటే బాగుంటుందో చెప్పండమ్మా. నేను విన్నాక వెళ్తాను."

ఆవిడ వరండాను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. "పక్కింటి రమణమ్మ రోజూ వస్తుంది. ఇద్దరం ఈ మెట్టుమీదే. దిగితే లేవలేం. చిన్న బల్ల ఉంటే బాగుండేది. ఇద్దరు పట్టేది. కాళ్ళు నేలకు ఆనేది."

విప్పడం

ఆ మాట నేను కొడుకుతో చెప్పకూడదనుకున్నాను. మీరే చెప్పండి, నేను పక్కన ఉంటాను అన్నాను. ఆయన భోజనానికి వచ్చేదాకా కూర్చున్నాను. ఆవిడ చెప్పారు. తడబడుతూ, సగం సగం చెప్పారు.

సాంబశివరావు గారు నా వైపు తిరిగారు. "ఏంటండీ ఇది? మీరేమన్నా ఎక్కించారా?"

"ఆయన్నెందుకంటావురా" అన్నారు అన్నపూర్ణమ్మ గారు. "సాంబా, నిన్నొకటి అడుగుతాను. దాంట్లో నేను కూర్చోగా నువ్వెప్పుడన్నా చూశావా?"

ఆయన అన్నం తినకుండానే బండెక్కి వెళ్ళిపోయారు. ఆవిడ వడ్డించిన కంచం మీద మూత పెట్టారు. నేను కూడా లేచి వచ్చేశాను. ఒక ఇంట్లో చిచ్చు పెట్టానేమోనని ఆ వారమంతా మనసు మనసులో లేదు. తర్వాత ఫోన్ వచ్చింది. "వచ్చి తీసుకెళ్ళండి. అమ్మ చెప్పినట్టు చేయండి." అంతే, పెట్టేశారు.

ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాలి. పాత సామాను కీళ్ళకు నేను ఎప్పుడూ తోలు కాచి తీసిన పాతకాలపు బంకే వాడతాను. వేడినీళ్ళ ఆవిరి తగిలితే అది వదిలేస్తుంది. కొత్తరకం బంకలు చెక్క విరిగినా వదలవు. మన తర్వాత ఇంకొకరు మనసు మార్చుకోవచ్చు, వాళ్ళకు విప్పుకునే వీలు ఉంచాలి. నేను బిగించిన కీళ్ళను నేనే విప్పాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

నా చేత్తో అల్లిన పేమును కోసేటప్పుడు కష్టంగానే ఉంది. పొడుగాటి రెండు చేతులనూ పక్కపక్కన పరిచి, మధ్యలో ఒక కొత్త టేకు పలక కలిపితే కూర్చునే చోటు కుదిరింది. కాళ్ళనూ అడ్డపట్టీలనూ కోసి బల్లకు సరిపెట్టాను. అన్నపూర్ణమ్మ గారి మోకాలి ఎత్తు దారంతో కొలిచి, దానికి ఒక వేలు తక్కువ పెట్టాను. వెనక ఆనుకోవడానికి చిన్న చెక్క. చిత్రిక పట్టే ముందు ఆ గ్లాసు మచ్చ చూపించి, తీసేయమంటారా అని ఆవిడనే అడిగాను.

ఆవిడ వేలితో ఆ మచ్చ చుట్టూ తడిమారు. "ఉండనివ్వండి. కాఫీ నేను కాచిందేగా."

బల్ల వరండాలో పెట్టిన రోజు సాంబశివరావు గారు ఇంట్లో లేరు. రమణమ్మ గారు వచ్చి కూర్చుని, కాళ్ళు ఆనించి, అటూ ఇటూ కదిలి చూసి, "మాకూ ఒకటి చేసిపెట్టండి" అన్నారు. నావల్ల కాదని చేతులు చూపించాను. ఆ తర్వాత షెడ్డు తెరవలేదు.

పనిలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇంతే. సామాను తెచ్చినవాళ్ళే దాని మనుషులనుకోకండి. దాన్ని తుడిచేది ఎవరు, దాని పక్కన తిరిగేది ఎవరు, వాళ్ళను కూడా అడగండి. కొన్నిటిని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి, కొన్నిటిని కాల్చేయాలి, కొన్నిటిని విప్పి వేరేది చేయాలి. ఏది ఏమిటో చెక్క చెప్పదు. అడిగినా ఒక్కోసారి మనుషులు కూడా వెంటనే చెప్పరు. కాసేపు కూర్చోవాలి.

రెండు నెలల తర్వాత సాంబశివరావు గారు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. ఏదో దెబ్బలాటకు వచ్చారనుకున్నాను. అరుగుమీద కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, నా మొహం చూడకుండా మాట్లాడారు.

"ఆ రోజు అమ్మ అడిగిందానికి నాకు జవాబు లేక వెళ్ళిపోయాను మేస్త్రీ గారూ. కొట్లో కూర్చున్నానే గానీ అదే ఆలోచన. చిన్నప్పుడు నేను కూడా దాంట్లో కూర్చోలేదండీ. ఒకసారి ఎక్కితే నాన్నగారు చూసిన చూపుకే దిగిపోయాను. ఆయన దినాలయ్యాక, చుట్టాలందరూ వెళ్ళాక, మొదటిసారి వెళ్ళి కూర్చున్నాను. ఇక ఈ ఇంటికి నేనే పెద్దనని అనిపించింది. నాన్నగారి మీద ప్రేమనుకున్నాను ఇన్నాళ్ళూ. అప్పుడు అమ్మ ఎక్కడుందో, తిందో లేదో, నాకు గుర్తే లేదండీ."

టీ చల్లారిపోతోంది, తాగండి అన్నాను.

ఆయన తాగి గ్లాసు కింద పెట్టారు.

"కొట్టు నుంచి వచ్చాక రోజూ ఆ బల్లమీద అమ్మ పక్కన కాసేపు కూర్చుంటున్నాను. ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఆవిడా ఏమీ అడగదు. చిక్కుడుకాయల చేట మధ్యలో పెడుతుంది. ఈనెలు తీస్తున్నాను."